టీ తాగని మావయ్య టీల లెక్క

మా మావయ్యకు ఒకటే జబ్బు. ఆకో పుల్లో చేతికి దొరికితే చాలు, బరువు చూసి, అది పొయ్యిలో పడితే ఎన్ని టీలు కాగుతాయో చెప్పేస్తాడు. విచిత్రమేమిటంటే ఆయన టీ తాగడు. పడదట; అత్తయ్య పెట్టినా ముట్టడు.

ముప్పై ఏళ్లు కాగితం మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఒకసారి అత్తయ్య కాలు బెణికి ఆసుపత్రిలో ఉంటే నేను పూలగుత్తి పట్టుకెళ్లాను. మావయ్య అందుకుని, "ఎండితే మూడు టీలు," అన్నాడు. కుర్చీ చూపించి కూర్చోమన్న డాక్టరుతో, ఆ కుర్చీని నిమురుతూ, "రెండు వందల ముప్పై," అన్నాడు. డాక్టరు అది ఆయన బీపీ అనుకుని, అత్తయ్య కాలు వదిలేసి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను కూడా తూచండి, ఓ పనైపోతుంది," అంది అత్తయ్య మంచం మీంచి.

"నువ్వు పచ్చికట్టెవి. పొగే తప్ప మంట రాదు."

ఆయన వాదన ఆయనది. "రాలిన ఆకుని చెత్తబండికి ఎత్తేస్తాం. కిరోసిన్ నూనె కోసం మాత్రం సముద్రం అవతల ఎవడో బావి తవ్వాలి, ఇంకెవడో ఓడెక్కించాలి. అక్కడ వాడికి జలుబు చేస్తే ఇక్కడ మన పొయ్యి తుమ్ముతుంది."

అందుకని వీధిలో ఆకులు, వడ్రంగి దుకాణంలో రంపపు పొట్టు, కూరగాయల కొట్టులో పారేసిన కాడలు ఇంటికి మోసుకొచ్చేవాడు. ఎండబెట్టి, పొడి చేసి, చేత్తో తిప్పే యంత్రంలో నొక్కి, వేలెడంత గుళికలు చేసేవాడు. ఆ యంత్రం ఒకప్పుడు అత్తయ్య కుట్టుమిషను. ఆ సంగతి ఆవిడ ముందు ఎత్తకూడదు.

మా వీధి మలుపులో టీకొట్టు అక్క ఉంది. ఇద్దరు పిల్లలు, ఒక కిరోసిన్ స్టవ్వు, రెండేళ్లుగా వదలని దగ్గు. ఆ నెల ఓడలు ఎక్కడో ఆగిపోయాయని కిరోసిన్ రాలేదు. సోమవారం నుంచి కొట్టు మూసేస్తానంది. ఎవరైనా సాయం చేయబోతే ఒకటే మాట: "టీ తాగి వెళ్లండి, జాలిపడి వెళ్లకండి."

ఆదివారం పొద్దున్నే మావయ్య ఓ రేకు పొయ్యి, రెండు బస్తాల గుళికలు, ఓ పాత నోట్‌బుక్ నా నెత్తిన పెట్టి అక్కడికి బయల్దేరదీశాడు.

"అమ్మాయ్, నాదో పరీక్ష ఉంది. మీ పిన్ని ఇంట్లోంచి వెళ్లగొట్టింది. నీ కొట్టులో చేసుకోనిస్తావా?"

"అయ్యో పాపం, ఇటు పెట్టుకోండి బాబాయ్," అంది అక్క. ఆయన మీద జాలిపడటానికి ఆవిడకు అభ్యంతరం లేకపోయింది.

మొదటి బస్తా తడిసింది. వెలిగించగానే వీధి వీధంతా దగ్గింది. మావయ్య ఏమాత్రం తొణక్కుండా "ఇది ఎలా ఉండకూడదో చూపించాను," అని రెండో బస్తా విప్పాడు. పొయ్యి కింద చిన్న ఫ్యాను తిరిగింది. మంట లేచింది. పొగ లేదు. సాయంత్రం దాకా గిన్నె దిగలేదు, అక్క ఒక్కసారి కూడా దగ్గలేదు.

నేను నోట్‌బుక్ తిరగేశాను. రెండేళ్ల లెక్కలు. ప్రతి పేజీ అడుగునా ఒకటే ప్రశ్న: మూడు వందలు వస్తాయా?

"మూడు వందలేంటి మావయ్యా?"

"ఆ అమ్మాయి రోజుకి అమ్మే టీలు. నెమ్మదిగా మాట్లాడు," అన్నాడు. "ఊరికే ఇస్తే తీసుకోదు. రేపట్నుంచి రోజూ పరీక్షే."

నాకు ఆయన మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది. ఇన్నాళ్లూ పిచ్చి లెక్క అని నవ్వినవాళ్లలో మొదటివాణ్ణి నేనే.

అక్క గ్లాసుతో వచ్చింది. "బాబాయ్, ఇది మూడు వందల ఒకటోది. మీకు."

మావయ్య గ్లాసు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. కళ్లు మూసుకుని చివరి చుక్క దాకా తాగాడు.

దారిలో నా చెవిలో అన్నాడు: "ఇది లెక్కలో రాయకు. మీ అత్తయ్యకి తెలిస్తే, రేపు పొయ్యిలోకి నేనే."