అస్తరు కాగితాలు

మా పెదనాన్న ఆ పాత గ్రంథాలయంలో ముప్పై ఆరేళ్లు బైండరు. మైలుతుత్తం కలిపిన మైదా జిగురు పెళ్లిళ్లకు వెళ్లినా ఆయన గోళ్లను వదిలేది కాదు. పిల్లలం "జిగురు పెదనాన్న" అనేవాళ్లం. ఆయన వేసిన అట్ట ఊడటం ఎవరూ చూడలేదు. ఆ గర్వం ఆయనకూ ఉండేది, కాస్త ఎక్కువే.

ఆయన రిటైరయ్యాక, పాత పుస్తకాలను మళ్లీ అచ్చు వేయాలని గ్రంథాలయం వాళ్లు పూనుకున్నారు. ప్రూఫులు దిద్దే పని నాకిచ్చారు. రిజిస్టరు తిరగేసి పన్నెండు పుస్తకాలు ఎంచారు. అందులో మొదటిది ఒక మంత్రసాని తను చేసిన కాన్పుల గురించి రాసి, సొంతంగా వేయించుకున్నది. మరెక్కడా ప్రతి లేదు. ఇక్కడా రిజిస్టర్లో ఉంది గానీ బీరువాలో లేదు. వారం రోజులు ఇల్లు పీకి పందిరేశారు.

ఈ సంగతి ఇంట్లో చెప్పాను. పెదనాన్న రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగి, మూడో రోజు నా పక్కన కూర్చున్నాడు.

"అది నేనే చించానమ్మా. అట్ట లేదు, ఎవరూ చదవట్లేదు, అస్తరుకి వాడుకోమన్నారు అప్పటి లైబ్రేరియన్ గారు. కాగితం భలే గట్టిది. ఒక్కో ఆకూ ఒక్కో పుస్తకం అట్ట లోపల అంటించి, పైన తెల్లకాగితం వేశాను."

"చింపే ముందు చదివావా?"

"బైండరు చదువుతూ కూర్చుంటే పనవుతుందా?"

నాకు ఒళ్లు మండింది.

మర్నాటి నుంచి పెదనాన్న తడిగుడ్డ, మొండి కత్తి పట్టుకుని గ్రంథాలయం వెనక గదిలో కూర్చుని, తను కట్టిన పుస్తకాలను తనే విప్పాడు. రెండు నెలలు పట్టింది. డెబ్బై మూడు ఆకుల్లో పంతొమ్మిది చేతికొచ్చాయి. కొన్ని తూకానికి అమ్మేసిన పుస్తకాలతో ఎప్పుడో పోయాయి. మిగిలినవి ఊడదీస్తుంటే పీలికలయ్యాయి. అంత బాగా అంటించాడు మహానుభావుడు.

వచ్చిన ఆకులను కూడబలుక్కుంటూ చదివాడు. ఒక ఆకు "బిడ్డ అడ్డం తిరిగితే ముందుగా" అన్నచోట అయిపోయింది.

"ముందుగా ఏం చెయ్యాలే?" అని నన్నడిగాడు. ఆ తరవాతి ఆకు లేదు.

పంతొమ్మిది ఆకులతో పుస్తకమేమిటని దాన్ని పక్కన పెట్టేశారు. పదకొండు పుస్తకాలే వచ్చాయి. ముందుమాటలో "మరొకటి ఎంత వెతికినా దొరకలేదు" అని రాశారు. పెదనాన్న భూతద్దం పెట్టి ఆ వాక్యం రెండుసార్లు చదివాడు.

"దొరకలేదని రాస్తారేంటమ్మా? ఎవరో పాపం జన్మంతా వెతుక్కుంటారు. బైండరు చించేశాడని రాయి. ఇంక వెతకొద్దని రాయి."

అప్పటికే వెయ్యి కాపీలూ అచ్చయిపోయాయి. "సరే పెదనాన్నా, రాస్తాను" అన్నాను.