నైట్ షిఫ్ట్‌ను ఒప్పుకోని కంప్యూటరూ, మా శాంతక్కా

నిన్న సాయంత్రం మా పాత మిల్లు యేసోబు ఫోన్ చేశాడు. "శాంతమ్మ..." అన్నాడు.

"ఏమైందిరా, చెప్పు!" అని అరిచాను. ఫోన్ పెట్టేశాడు.

మా శాంతకుమారి, మా శాంతక్క, ఇక లేదు. గుండెపోటట.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

పొద్దున్నుంచి పాత మిల్లువాళ్ళ గ్రూపులో దండాలు, పూలు, ఫొటోలు. మా అప్పటి మేనేజరు గారైతే "సౌమ్యురాలు, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి" అని రాశారు.

ఎవరండీ సౌమ్యురాలు? ఏ శాంతక్క గురించి మాట్లాడుతున్నారు మీరు?

ఆవిడ చేత మాట పడని మనిషి ఆ మిల్లులో లేడు. నేనూ పడ్డాను. అందుకే ఇది రాస్తున్నా.

ఎనభైల చివర్లో మాట. వినుకొండ రోడ్డులో మా స్పిన్నింగ్ మిల్లు. నేను యూనియన్ సెక్రటరీని. శాంతక్క కంప్యూటర్ ఆపరేటర్. గేటు దగ్గర కార్డుల మీద పడిన టైములన్నీ ఆవిడే కంప్యూటర్‌లోకి ఎక్కించేది. ఎవరు పనికొచ్చారు, ఎవరు రాలేదన్నది ఆ డబ్బా తేల్చేది.

దానికి ఏసీ. ఆ గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు విప్పాలి. దూది ధూళిలో దగ్గి దగ్గి చచ్చే కార్మికుడికి ఫ్యాన్ లేదు, డబ్బాకు ఏసీ! ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

అవి మిరప కోతల రోజులు. కోతలొస్తే పల్లెవాళ్ళంతా డే షిఫ్ట్ మార్చుకుని నైట్‌కు వచ్చేవాళ్ళు. రాత్రి మిల్లు, పగలు ఇంటిల్లిపాదితో మిరప చేలో. నిద్ర ఎప్పుడని అడక్కండి. ఏళ్ళ తరబడి నడిచిన పద్ధతే, సూపర్‌వైజర్లందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే మద్రాసు నుంచి ఇంజనీరొచ్చి హాజరు ప్రోగ్రాంకు కొత్త వెర్షన్ ఎక్కించాడు. మధ్యలో కరెంటు పోయింది. పాతది చెరిగిపోయింది, కొత్తది సగమే ఎక్కింది. "మిగతాది మళ్ళీ వచ్చి చూస్తా" అని రైలెక్కేశాడు.

ఆ ఎక్కని సగంలోనే నైట్ షిఫ్ట్ ఉంది.

రాత్రి పదికి లోపలికెళ్ళి పొద్దున ఆరుకు బయటికొచ్చే మనిషి ఆ కంప్యూటర్‌కు అర్థం కాలేదు. దాని లెక్కలో అర్ధరాత్రితో రోజు అయిపోయింది. ఆ రోజులో మనిషి వచ్చాడు, వెళ్ళలేదు. కాబట్టి ఆబ్సెంట్.

వరసగా ఆబ్సెంట్ పడితే పేరు కొట్టేయొచ్చని మిల్లు రూలు.

ఒక ఉదయం గేటుకు నోటీసు అంటించారు. నైట్ షిఫ్ట్‌లో పల్లెవాళ్ళందరి పేర్లూ కొట్టేశారు. మధ్యాహ్నం రెండు గంటల సైరన్‌కు వాళ్ళ స్థానంలో బదిలీ కార్మికుల్ని, అంటే ఎవరైనా రాకపోతే ఆ పూటకు పిలిచేవాళ్ళని, తీసుకుంటారట.

యేసోబు చేలోంచి పరుగెత్తుకొచ్చాడు. ఏడుస్తున్నాడు, కళ్ళు తుడుచుకోలేడు. మిరప కోసిన చేతులు.

"రాత్రంతా నూలు ఫ్రేము నడిపింది నేనే కదయ్యా! రాలేదంటారేంటి?"

మేనేజర్‌ది ఒకటే మాట. "నేనేం చేసేది? కంప్యూటర్ చెప్పింది."

ఈ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. రేషన్ ఆగితే సర్వర్ అంటారు, పెన్షన్ పోతే సిస్టం అంటారు. తప్పు చేసిన మనిషిని నిలదీయనివ్వకుండా కట్టిన గోడ అది!

నేను ఇనప రాడ్డు పట్టుకుని కంప్యూటర్ గదికి వెళ్ళాను. పగలగొట్టడానికే వెళ్ళాను, దాపరికం లేదు.

శాంతక్క తలుపుకు అడ్డం నిలబడింది.

"చెప్పులు విప్పి రారా."

"అక్కా, పక్కకు జరుగు."

"పగలగొట్టు. కార్డులన్నీ మేనేజర్ బీరువాలో ఉన్నాయి. వీళ్ళు పనికొచ్చారనడానికి మన చేతిలో ఉంది ఇదొక్కటే. దీన్ని కూడా పగలగొట్టి, పైన జెండా కప్పి ఊరేగించుకో. యేసోబుకు ఉద్యోగం నువ్విస్తావా?"

రాడ్డు బయట పెట్టాను. చెప్పులు కూడా విప్పాను.

ముందు పాత ప్రోగ్రాం ఫ్లాపీ పెట్టింది. కొత్త సిస్టం చదవనంది. ఇంకోటి పెట్టింది. మళ్ళీ అదే. గేటు దగ్గరికి బదిలీవాళ్ళు వచ్చేశారు. వాళ్ళూ మన ఊళ్ళవాళ్ళే. ఎవరూ తల ఎత్తడం లేదు.

"అక్కా, టైం..."

"నోరు మూసుకుని ఆ కాగితాలు అందుకో."

ఫ్లాపీ తీసి పక్కన పడేసింది. "దీనికి అర్ధరాత్రి దాటడం రాదంతేగా? మనమే దాటిద్దాం" అంది.

యేసోబు రాత్రిని రెండు ముక్కలు చేసింది. పది నుంచి పన్నెండుకు నిమిషం తక్కువ దాకా ఒకటి. పన్నెండు నుంచి ఆరు దాకా రెండోది. ఎంటర్ కొట్టింది.

ప్రెజెంట్!

మేనేజర్ పరుగున వచ్చాడు. "ఏమ్మా, ఒక్క రాత్రికి రెండు హాజర్లా? ఇది ఫోర్జరీ!"

"రెండోది జీతంలోకి రాదు సార్, గుర్తు పెట్టాను. ఏం మార్చానో ప్రింటౌట్ మీద రాసి సంతకం పెడుతున్నా. మీ నోటీసు మీద ఎవరి సంతకం ఉంది?"

ఎవరిదీ లేదు.

సైరన్ మోగింది. ప్రింటర్ ఇంకా కీచుమంటూనే ఉంది. నేనూ యూనియన్‌వాళ్ళూ వెళ్ళి గేటుకు అడ్డంగా పడుకున్నాం. బదిలీవాళ్ళు కూడా లోపలికి అడుగు పెట్టకుండా మా పక్కనే కూర్చున్నారు. చివరి కాగితం వచ్చాక, నోటీసు మీద తన సంతకం పెట్టడానికి వెనకాడి, మేనేజరే వచ్చి దాన్ని చింపాడు.

ఆ రాత్రి యేసోబు డ్యూటీకెళ్ళాడు.

శాంతక్కకు మెమో వచ్చింది. "అనుమతి లేని మార్పులు" అట. దాని మీద మాత్రం మేనేజర్ సంతకం శుభ్రంగా ఉంది. ఆవిణ్ణి కంప్యూటర్ గదిలోంచి తీసి ప్యాకింగ్‌లో వేశారు. రిటైరయ్యే దాకా అక్కడే ఉంచారు. మేం ధర్నా చేస్తామంటే "నా గొడవ తర్వాత, ముందు దూది ధూళి సంగతి చూడండి" అంది.

ఇదండీ మీ సౌమ్యురాలు.

ఈ సాయంత్రం నాలుగింటికి సమాధుల తోటకు తీసుకెళ్తున్నారు. ఆనాటి నైట్ షిఫ్ట్‌వాళ్ళలో మిగిలినవాళ్ళమే మోస్తామని ఇంట్లోవాళ్ళను అడిగాం. సరేనన్నారు. ముందు భుజం యేసోబుది.

నాకు పరలోకం మీద నమ్మకం లేదు. ముప్పై ఏళ్ళు ఆవిడతో వాదించాను. "నువ్వు నమ్మకపోయినా నేను పోతాలేరా" అనేది.

వెళ్ళిరా అక్కా. ఈ ఒక్క వాదనలో నేను ఓడిపోవాలి. నీకక్కడ నెమ్మది దొరకాలి.