కాకటీల్ పంజరంలో వలముక్క

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, దసరా వెళ్లి వారమైంది. నేను పశువుల డాక్టర్ని. శ్రీకాకుళంలో నా క్లినిక్‌కి అప్పటికి పదో ఏడు. వచ్చేవాటిలో సగం కుక్కలు, మిగతా సగం ఆవులూ మేకలూ. పిట్టలు నెలకొకటి వస్తే గొప్ప. రామచిలుకను ఇంట్లో పెంచడం నేరమని ఇప్పుడు చాలామందికి తెలుసు. అందుకని చిలుక మీద మనసున్నవాళ్లు విదేశీ జాతులు కొనుక్కుంటున్నారు. కాకటీల్ అలాంటిదే. మన చిలుక కంటే కాస్త చిన్నది. బూడిదరంగు ఒళ్లు, తల మీద కుచ్చు, బుగ్గల మీద కుంకుమ అద్దినట్టు రెండు చుక్కలు. మాటలు తక్కువ, ఈలలు ఎక్కువ.

ఆ ఉదయం నూకరత్నం తెచ్చింది అలాంటి పిట్టనే. ప్లాస్టిక్ బుట్టలో తువ్వాలు పరిచి, పైన పైటకొంగు కప్పి తెచ్చింది. ఆమెకు పాతికేళ్లు దాటి ఉంటాయి. ఊరు శ్రీకూర్మం దాటాక సముద్రపు ఒడ్డున.

"మనాది ఎట్టుకున్నాది డాక్టరమ్మా. మా ఆయన ఎల్లిపోనాక తిండి తగ్గించీసింది. మొన్నటి లగాయితు నిలబడ్నేకపోతన్నాది" అంది.

కొంగు తీసి చూశాను. పిట్ట బుట్ట అడుగున పొట్ట ఆనించి కూర్చుంది. రెక్కలు జారిపోయి ఉన్నాయి. వేలు అందిస్తే పట్టుకోబోయింది కానీ పట్టు దొరకలేదు. రెట్ట ముదురాకుపచ్చగా నీళ్లలా ఉంది.

ఆమె భర్త పేరు రాజు. వాళ్ల ఊళ్లో చాలామంది మగవాళ్లు ఆగస్టులో గుజరాత్ తీరానికి, వీరావల్‌కి వెళ్లి, అక్కడి బోట్లలో పనిచేసి వేసవికి తిరిగొస్తారు. బోటు లోపలికి వెళ్తే ఇరవై రోజుల దాకా ఫోను అందదు. కిందటి వేసవిలో ఇంటికొస్తూ రాజు చెప్పుల డబ్బాకి కన్నాలు పెట్టి, అందులో పిల్ల కాకటీల్‌ను పెట్టుకుని, రైళ్లు మారి మారి తెచ్చాడట.

"సీర తెత్తాడనుకున్నానమ్మా. పిట్టని తెచ్చినాడు" అంది. ఫిర్యాదులా మొదలుపెట్టింది కానీ గొంతులో ఫిర్యాదు లేదు. "సిట్టి అని పేరెట్టినాడు. ఆయన ఒడ్డుకొచ్చీటప్పుడు నన్ను పిలవడానికి ఓ ఈలేత్తాడు. అది నేర్పీసినాడు. ఆయన ఎల్లినాక రోజంతా అదే ఈల. ఇప్పుడు అదీ మానీసింది."

మనాది, అంటే బెంగ, నిజంగా ఉంటుంది. ఒంటరితనంతో ఈకలు పీక్కునే చిలుకల్ని చూశాను. కానీ మనాదికి కాళ్ల పట్టు పోదు. అందుకని మామూలుగా అడిగే ప్రశ్నలు వరసగా అడిగాను. ఏం పెడుతున్నావు, నీళ్లెక్కడివి, పంజరంలో ఏమేం ఉన్నాయి.

"గింజల గిన్ని, నీల్ల గిన్ని, ఓ వలముక్క."

"వలముక్క ఎందుకు?"

"ఆయన వల బాగుసేసుకుంటన్నప్పుడు ఇది బుజమ్మీద కూకుని వల కొరికీది. ఆయన ఎల్లిపోనాక అరుస్తావుంటే సూడనేకపోనాను. ఆయన అల్లిన వల అంచు కోసి పంజరంలో కట్టినాను. దాన్నట్టుకు ఆడుకుంటాది. ఆయన సేతి వోసన ఉంటాది గదమ్మా." బుట్టలో తువ్వాలు అంచు సర్దుతూ, "నాకూ బాగుంటాది, సూసుకోడానికి" అంది.

ఫోన్లో ఫోటో చూపించింది. నైలాన్ వల అంచున చింతగింజలంత బూడిదరంగు గుళ్లు. వల నీళ్లలో మునగడానికి కట్టేవి. పిట్ట కొరికిన చోట అవి కొత్త వెండిలా మెరుస్తున్నాయి. సీసాన్ని కొత్తగా కోస్తే వచ్చే మెరుపు అది.

పిట్టను తీసుకుని మా వీధి చివరున్న మనుషుల ఎక్స్‌రే సెంటర్‌కి నడిచాం. అక్కడి టెక్నీషియన్ నాకు పాత పరిచయం. "మేడమ్, దీన్ని ఊపిరి బిగబట్టమని ఏ భాషలో చెప్పను?" అన్నాడు. నూకరత్నం నవ్వలేదు. పల్చటి గుడ్డలో చుట్టి, రెక్కలు విప్పి తీసిన ఆ ఫిల్ములో కందనకాయ ఉండే చోట అయిదారు తెల్లటి చుక్కలు నక్షత్రాల్లా కనిపించాయి.

పిట్టకు పళ్లుండవు. మింగిందాన్ని కందనకాయ నూరుతుంది. గింజయితే పిండవుతుంది. సీసమయితే అరిగి అరిగి రక్తంలోకి వెళ్లి నరాలను పట్టుకుంటుంది. ఇదంతా ఆమెకు చెప్పాను. చెప్పే పద్ధతి ఇంకొంచెం మెత్తగా ఉండాల్సిందని తర్వాత అనిపించింది.

"అయితే నేనే ఎట్టాను" అంది. "ముద్దు సేసి, నా సేత్తో నేనే ఎట్టాను."

దీనికి వైద్యం కీలేషన్. రక్తంలోని సీసాన్ని పట్టుకుని మూత్రంలోంచి బయటికి తోసేసే మందు ఎక్కిస్తాం. ఆ ఇంజెక్షన్ మన ఊళ్లో దొరకదు. విశాఖలోని స్నేహితురాలు బస్సులో పంపితే మధ్యాహ్నానికి అందింది. రోజుకి రెండుసార్లు, చుక్క లెక్కన, రొమ్ము కండలో. పిట్టను క్లినిక్‌లోనే బల్బు వెలుగున్న పెట్టెలో ఉంచాను. నూకరత్నం రోజూ పొద్దున్నే మొదటి బస్సులో వచ్చి, పెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని, పొద్దుగూకే ముందు వెళ్లిపోయేది.

మూడో రోజు పిట్టకు ఫిట్స్ వచ్చాయి. తగ్గాక కూడా కళ్లు తెరవలేదు. ఇక దక్కదని నేను మనసులో అనేసుకున్నాను. సరిగ్గా ఆ మధ్యాహ్నమే రాజు బోటు ఒడ్డుకు చేరింది. వీడియో కాల్. వెనక బోట్ల మోతలు, పక్కన ఎవరివో అరుపులు. నల్లబడ్డ ముఖంతో పిల్లాడిలా ఉన్నాడు.

"సిట్టీ" అని పిలిచాడు. ఈలేశాడు. ముందొక పొడుగు స్వరం, చివర్లో పైకి లేచే చిన్న స్వరం. నూకరత్నం ఫోను పెట్టెకు ఆనించి పట్టుకుంది. పిట్ట ఒక కన్ను సగం తెరిచి మూసింది. అంతే.

"పలికిందేటే?" అన్నాడు రాజు.

"పలికింది" అంది నూకరత్నం. "మెల్లగా పలికింది. నీకు ఇనబడ్నేదంతే."

నేను తల తిప్పుకుని మందుల బీరువా సర్దుతున్నట్టు నటించాను.

ఆరో రోజు పొద్దున్న నేను తలుపు తీసేసరికి పిట్ట పుల్ల మీద నిలబడి ఉంది. నా వైపు చూసి ఈలేసింది. ఆమె ఇంకా బస్సులోనే ఉంది. వచ్చాక చెబితే నమ్మనట్టు చూసి, "ఎన్నిసార్లమ్మా?" అని అడిగింది. రెండుసార్లన్నాను. తర్వాత ఆ రోజంతా స్టూలు మీంచి లేవలేదు.

పిట్టను ఇంటికి పంపేటప్పుడు ఆమె అడిగింది. "పంజరం కాళీగా ఉంటే మల్లీ మనాది ఎట్టుకుంటాది. మరేటి కట్టమంటావు?" చిలుక జాతికి ముక్కు ఊరుకోదు. కొరకడానికి ఏదో ఒకటి ఉండాలి. నోటితో చెబితే మర్చిపోతుందేమోనని, ఆదివారం వస్తాను, ఇంట్లో ఉన్నవన్నీ చూపించమన్నాను.

వెళ్లేసరికి వాకిట్లో చాప పరిచి వస్తువులన్నీ తెచ్చి పోసింది. తాళంచెవుల గుత్తి, జిప్పులు, తీగముక్క, రంగు పూసలు, గాజుముక్కలు, థర్మకోల్, కొబ్బరిచిప్పలు, తాటాకులు, నైలాన్ దారాలు. అరుగు మీదున్న ఆమె మామగారు గోనెతాడు కూడా విసిరాడు. ఒక్కోటి పట్టుకుని ఆమెనే అడిగాను. ఇది కొరికి మింగితే ఏమవుతుంది? వేలికి చుట్టుకుంటే ఏమవుతుంది? ఆ రెండు ప్రశ్నలకే ఆమె గబగబా రెండు గుట్టలు చేసేసింది.

తాళంచెవులు, జిప్పులు, జింకు పూత తీగ పోయాయి. జింకు కూడా పిట్టకు విషమే. రంగు పూసలు పోయాయి. నైలాన్ దారం గోటికి చుట్టుకుంటే వేలు తెగుతుంది, మింగితే గొంతు కింద సంచిలో ఉండకడుతుంది. గోనెతాడు వద్దంటే మామగారు ఒప్పుకోలేదు. మా నాన్న నెల్లిమర్లలో జూట్ మిల్లులో పని చేసిన మనిషి. నార మెత్తబడడానికి నూనె పట్టిస్తారని నాకు చిన్నప్పుడే తెలుసు. ఆ నూనె పిట్ట కడుపులోకి పోకూడదని చెబితే ఆయన తాడు వాసన చూసి వెనక్కి తీసుకున్నాడు. పలాస నుంచి ఎవరో తెచ్చిన పచ్చి జీడిపిక్కలున్నాయి. వాటి తొక్కలో ఒళ్లు పొక్కే నూనె ఉంటుంది, వద్దన్నాను.

మిగిలినవి చాలా బాగున్నాయి. కడిగి ఎండబెట్టిన కొబ్బరిచిప్ప, తాటాకు, మొక్కజొన్నపొత్తు మీది డొప్పలు, వెదురు, వేపపుల్లలు, టేపు అంటని అట్టముక్కలు. ఒడ్డున దొరికే సముద్రపు నురుగు, అంటే జనం పిట్టల కోసం కొట్లలో కటిల్‌బోన్ అని కొనుక్కునే తెల్లటి మెత్తని ఎముక, ఆమె చెంగు నిండా ఏరుకొచ్చింది. ఉడకబెట్టి, ఆరబెట్టి పెట్టమన్నాను. కట్టడానికి తాటాకు ఈనె చాలు. వల అల్లే చేతులు కదా, నేను చూస్తుండగానే తాటాకుతో ఒక చేపను అల్లి, లోపల గింజలు దాచి పంజరంలో వేలాడదీసింది. సిట్టి ఆ చేప తోకను ముక్కలు ముక్కలుగా చింపింది.

నా పని అక్కడికి అయిపోయిందనుకున్నాను. చెప్పులు వేసుకుంటుంటే వాసన వచ్చింది. వంటింటి పక్క చూరు కింద మామగారు పొయ్యి మీద ఇనప గరిటె పెట్టి పాత సీసం కరిగిస్తున్నాడు. కరిగింది మట్టి అచ్చులో పోస్తే గుళ్లవుతాయి. అప్పటికే పనిలోకి దిగిన నూకరత్నం వాటిని ఒక్కోటి వల అంచుకు తొడిగి పళ్లతో నొక్కుతోంది.

నొక్కి, ఊసి, ఇంకోటి.

"ఎన్నాళ్లనుంచి చేస్తున్నావిది?"

"వచ్చినకాడి నుంచీ. ఏడేల్లు."

"పిల్లలు?"

ఆమె పళ్ల మధ్య ఉన్న గుండు తీసి చేతిలో పట్టుకుంది. "రెండుసార్లు నిలబడ్నేదమ్మా. ఒకటి మూడో నెల్లో, ఒకటి అయిదో నెల్లో. అప్పుడూ ఆయన వీరావల్లోనే ఉన్నాడు. ఫోన్ కలిసేసరికి అన్నీ అయిపోనాయి."

నేను మనుషుల డాక్టర్ని కాను. అక్కడ నేను చెప్పగలిగింది కొద్దిగానే. ఇది నీకూ మంచిది కాదు, రక్తం పరీక్ష చేయించు అన్నాను. పట్నంలో నాకు తెలిసిన గైనకాలజిస్ట్ దగ్గరికి చీటీ రాసిచ్చాను. మామగారికి కోపం వచ్చింది. "మా తాతలనాటి నుంచి సేత్తన్నాం. మాకేటైనాది? పిట్టకి సూది ఏసినావు, బాగుంది. మనుసుల జోలికి రాకు తల్లీ" అన్నాడు. నిజానికి ఆయన చేతులు సన్నగా వణుకుతున్నాయి. అది వయసో, సీసమో నాకు తెలీదు.

ఆమె రక్తంలో సీసం ఉండకూడనంత ఎక్కువగా ఉందని తేలింది. ఆ కాగితం పట్టుకుని నూకరత్నం ముందు నా క్లినిక్‌కే వచ్చింది.

"ఆ రెండూ దీనివల్లే పోనాయామ్మా?"

అవునంటే ఆ పళ్లతో నొక్కిన ప్రతి గుండూ ఆమెను జీవితాంతం పొడుస్తుంది. కాదంటే అబద్ధం. "తెలీదమ్మా. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఇప్పుడు ఎవరూ చెప్పలేరు" అన్నాను. ఆమె కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. చాలాసేపు వెళ్లలేదు.

సీసం తగ్గేదాకా కడుపు వద్దని ఆ డాక్టరు ఆగమన్నన్నాళ్లు ఆగింది. రాజుకు ఫోన్లో ఏం చెప్పిందో నాకు తెలీదు. అతను తండ్రితో మాట్లాడాక పొయ్యి ఇంటి దగ్గర లేకుండా పోయింది. వేసవికి రాజు వచ్చాడు. రెండేళ్లకు వాళ్లకి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన రోజున కూడా అతను సముద్రం మీదే ఉన్నాడు. పదిహేడు రోజుల తర్వాత ఫోన్లో చూశాడు.

కిందటి ఏడు నూకరత్నం నన్ను మళ్లీ వాళ్ల ఊరికి పిలిచింది. ఈసారి పిట్ట కోసం కాదు. ఆడవాళ్లను పదిహేనుమందిని పోగేసింది, చంకలో కూతురు. "నాకు సెప్పింది ఈల్లకీ సెప్పమ్మా" అంది. పశువుల డాక్టర్ని, ఇసకలో కూర్చుని చెప్పాను. గుళ్లు పళ్లతో నొక్కొద్దు, పటకారు వాడండి, వంటచోట కరిగించొద్దు, చేతులు కడిగి పిల్లల్ని ఎత్తుకోండి.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటుంది. అంతకుముందు రోగమున్న జంతువును మాత్రమే చూసేదాన్ని. చిన్న ఒళ్లు కాబట్టి ఇంట్లో ఉన్న విషం ముందు పిట్టకే తగులుతుంది. ఇప్పుడు ఏ పిట్ట వచ్చినా, ఆ ఇంట్లో ఇంకెవరెవరున్నారో, వాళ్లు ఏం పని చేస్తారో అడిగాకే మందు రాస్తాను.

నేర్చుకోలేనిదీ ఒకటుంది. ఆ రోజు నేను చెప్పడం అయ్యాక అందరూ లేచారు. వెనక కూర్చున్న ఒక ముసలామె మాత్రం లేవలేదు. చెవి దగ్గరికి వంగితే, "మరి మా రోజుల్లో పోనోల్ల సంగతేటి తల్లీ?" అంది.

ఎంతమందని అడిగాను. సంఖ్య చెప్పలేదు. వేళ్లు మడుస్తూ పేర్లు చెప్పింది. అప్పన్న, మంగ, సిన్నమ్మడు. ముగ్గురూ కడుపులోనే పోయారని తర్వాత నూకరత్నం చెప్పింది. పుట్టని వాళ్లకు ఆవిడ పేర్లు పెట్టుకుని ఉంచుకుంది. నేను ఆవిడ పక్కనే ఇసకలో మళ్లీ కూర్చున్నాను.