గుగ్గిలంలో చీమ

నా చిన్నప్పుడు మా తమ్ముడి మెడలో ఒక చీమ వేలాడేది. తేనె రంగు బిళ్లలో కాళ్లు ముడుచుకుని చచ్చిన చీమ. వాడికి జ్వరం తగ్గకపోతే, మల్దకల్ జాతరలో తాయెత్తులమ్మే ఒకాయన దాన్ని మా అమ్మకు అంటగట్టాడు. ఈ జాతి చీమలు ఇప్పుడు భూమ్మీద లేవని, యుగాల కిందట రాయిలో చిక్కిన ఈ చీమ జ్వరాన్ని పీల్చేస్తుందని నమ్మబలికాడు. అమావాస్య దాకా పిల్లవాడు పొలిమేర దాటకూడదన్నాడు.

జ్వరం తగ్గలేదు. తమ్ముడి మెడ బిగుసుకుపోయింది. గద్వాల దవాఖానకు పోదామని మా తాతయ్య బండి కట్టించాడు. అమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"పొలిమేర దాటితే పోరడు దక్కడు మామా, నీ కాళ్లు మొక్కుత."

తాతయ్య పొయ్యి దగ్గరికి పోయాడు. శుక్రవారం పొగ వేయడానికి అమ్మ దాచుకున్న గుగ్గిలమే తీసి గరిటెలో కరిగించాడు. గోడ మీద పోయే గండుచీమను పట్టి తెమ్మని నాకు చెప్పాడు. తెచ్చాను. బతికున్నదాన్ని అలాగే ఆ కాగే బంకలో వేశాడు. అది ఒక్కసారి కాళ్లు ఎత్తింది, అంతే. చల్లారిన బిళ్లను అమ్మ ఒళ్లోకి విసిరాడు.

"ఇగో, నీ యుగాల చీమ. ఇంకెన్ని గావాలె? గోడ నిండ ఉన్నయి."

అమ్మ తమ్ముడి మెడలోది తీసి, రెండు బిళ్లలనూ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూసింది. ఏడుస్తూనే గడప మీది నుంచి లేచింది.

తమ్ముడు బతికాడు. చెవులు పోయాయి. ఇంకాస్త ముందు తేవలసిందన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక అమ్మ వాడిని వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తోంది, వాడు తిరగడం లేదు. తాతయ్య వాకిట్లో అందరూ వినేలా అన్నాడు: "జర గట్టిగ పిలువు. నీ చీమన్న ఇంటదేమో." ఆ తర్వాత అమ్మ ఆయనకు అన్నం పెట్టింది గాని, ఆయన ముఖం చూడలేదు.

పెద్దయ్యాక చదివాను. చెట్టు జిగురు కోట్ల ఏళ్లకు రాయిలా గట్టిపడుతుందట. అందులో చిక్కిన చీమల్లో, ఈనాడు ఎక్కడా లేని జాతులు నిజంగానే ఉన్నాయట. అంటే ఆ తాయెత్తులవాడి మాటల్లో ఒకటి నిజం. ఆ ఒక్క నిజాన్ని ఎరగా వేసి ఒక పసివాడి వినికిడి పట్టుకుపోయాడు. జిగురు నుంచి తన ప్రాణమే కాపాడుకోలేని చీమను పిల్లవాడికి కాపలా పెట్టాడు! ఉత్త అబద్ధాలకోరును క్షమిస్తానేమో, వాడిని క్షమించను.

ఇప్పుడు వనపర్తి, నాగర్‌కర్నూలు ఊళ్లలో మూఢనమ్మకాల మీద మాట్లాడమని నన్ను పిలుస్తుంటారు. తాతయ్య వాదం నాతో తీసుకుపోతాను. వాకిట్లో ఆయన అన్న మాటను కూడా మరిచిపోను. సభలో ఎవరైనా తల్లి ఒళ్లు కాలిపోతున్న బిడ్డను ఎత్తుకుని కనబడితే ఉపన్యాసం అక్కడికక్కడే ఆపి ఆటో పిలిపిస్తాను. బిడ్డ మెడలో ఏం కట్టిందో చూడను.