నాలుగు గ్లాసుల నీళ్ళు

నా చిన్నప్పుడు, పల్నాడులో పత్తి మీద పురుగు విరుచుకుపడిన రోజుల్లో, మా ఇంట్లో ఒక ఎండ్రిన్ డబ్బా ఉండేది. అందులోని పురుగుమందు అయిపోయింది. రేకు గట్టిది కాబట్టి పారేయడానికి మనసొప్పలేదు. మా నాయనమ్మ దాన్ని బూడిదతో తోమింది, చింతపండుతో తోమింది, ఎండబెట్టింది, ఏడాది పాటు గొడ్లచావిడిలో వేలాడదీసింది. వాసన పూర్తిగా పోయాక పైభాగం కోయించి, కోళ్ళకు అందులో నీళ్ళు పోసింది. మూడో రోజుకు కోడిపిల్లలన్నీ చచ్చిపోయాయి. తల్లికోడి మెడ వంచుకుని గిరగిరా తిరిగి పడిపోయింది.

నాయనమ్మ తానే గొయ్యి తీసి డబ్బాను పూడ్చింది. తప్పు తనదేనని నాతో ఒక్కసారి చెప్పింది. బయట ఎవరికీ చెప్పలేదు.

కారంపూడి వెళ్ళే బాటలో మా ఊరి కుంట ఉండేది. అందులో బుడుబుంగలు తిరిగేవి. పావురమంత నీటిపిట్టలు. మనిషి కనబడగానే మునిగి ఎక్కడో తేలేవి. బడికి వెళ్తూ అవి ఎక్కడ తేలతాయోనని చూడడం మాకు ఆట. పత్తికి మందు కొట్టినవాళ్ళు సాయంత్రం స్ప్రేయర్లు ఆ కుంటలోనే కడిగేవాళ్ళు. మర్నాటికి చేపపిల్లలు తేలేవి. వాటిని పిట్టలు తినేవి.

పత్తి తీతలు అయిపోయి, అందరూ మందు మాట మరిచిపోయిన వేసవిలో, ఒక బుడుబుంగ ఒడ్డున మెడ వంచుకుని గిరగిరా తిరగడం చూశాను. పరుగెత్తుకెళ్ళి నాయనమ్మను తీసుకొచ్చాను. ఆమె వంగి చూసింది. మా కోడి కూడా అలాగే తిరిగిందని ఇద్దరికీ గుర్తొచ్చింది. కుంటలో ఇక ఒక్క జంటే మిగిలింది.

మా నాన్న, పక్కింటి బాబాయి, ఇంకో ఇద్దరు రైతులు కలిసి ఒక పవర్ స్ప్రేయర్ కొన్నారు. వానలు పడ్డాక, మొదటి మందుకు వంతులు వేసుకోవడానికి ఒక మధ్యాహ్నం మా వసారాలో కూర్చున్నారు. ఈసారి కుంటలో కడగొద్దని, బీడులో గొయ్యి తవ్వి అక్కడ కడగమని నాయనమ్మ అడిగింది. అలా చేయాలంటే నీళ్ళు బండి మీద తోలుకోవాలి. అది ఎవరికీ ఇష్టం లేదు.

“ఏంది పెద్దమ్మా నువ్వు చెప్పేది? మందు కొట్టి చానా నెలలైపాయె. వానలకి కుంట నిండిపాయె. ఇంకా యాడుంటది మందు?” అన్నాడు బాబాయి.

“పిట్టల కోసం గోతులు తవ్వాలంట. రేపు చీమలకి పందిరెయ్యమంటది” అని ఇంకొకాయన అందరినీ నవ్వించాడు. నాన్న కూడా నవ్వాడు.

నాయనమ్మ వాదించలేదు. “ఏమే, నాలుగు గ్లాసులు నీళ్ళు పట్రా” అని నాకు చెప్పింది. పొద్దున మా బావిలో నేనే తోడిన బిందెలోంచి ముంచి తెచ్చాను. అందరూ గ్లాసులు అందుకున్నాక ఆమె అంది: “కుంట నీళ్ళే. పొద్దున ఈ పిల్లతో తెప్పిచ్చా. తేటగా ఉండాయి, తాగండి.”

నేను నోరు తెరిచాను. నాయనమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. మూసుకున్నాను.

బాబాయి గ్లాసు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది.

“ఏందిరా, మందు లేదంటివిగా?”

“దప్పిక లేదు పెద్దమ్మా.”

“ఇంత ఎండలో చేలోంచి నడిచొచ్చి దప్పిక లేదా?”

నాన్న చేతిలో గ్లాసు ఆమె తీసుకుని నోటి దగ్గర పెట్టుకుంది. నాన్న ఒక్క ఉదుటున లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “అమ్మా, వద్దే!” సగం నీళ్ళు ఆమె చీర మీద ఒలికాయి. నాన్న అంతగా భయపడడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఆమె మెల్లగా నాన్న పట్టు విడిపించుకుని మిగిలిన నీళ్ళు తాగింది. “మన బావి నీళ్ళేరా. మీకు తెలవదేమో అనుకున్నా ఇన్నాళ్ళు. తెలుసు మీకు” అంది. తర్వాత డబ్బా సంగతి, కోళ్ళ సంగతి, తాను చేసిన తప్పు, అన్నీ అందరి ముందూ చెప్పింది. ఏడాది ఎండకు పోనిది నాలుగు వానలకు పోతుందా అని అడిగింది.

బాబాయి తన గ్లాసు గటగటా తాగి కింద పెట్టాడు. “గడ్డపార యాడుంది?” అన్నాడు.

ఆ సాయంత్రమే నలుగురూ కలిసి గొయ్యి తవ్వారు. చీమల పందిరి అన్నాయన కూడా తవ్వాడు. గొయ్యి తవ్వినంత మాత్రాన ఆ విషం ఎక్కడికీ పోదని పెద్దయ్యాక పుస్తకాల్లో చదివాను. అయినా ఆ రోజు నుంచి మా కుంటలో స్ప్రేయర్ ఎవరూ కడగలేదు. వీళ్ళను చూసి మిగతా రైతులూ మానుకున్నారు.

మూడో ఏడు వానాకాలంలో బాబాయి కుంట గట్టు మీద నుంచే కేకలు పెట్టుకుంటూ వచ్చాడు. “పెద్దమ్మా, తొరగా రా! నీ పిట్ట పిల్లల్ని వీపు మీద ఎక్కిచ్చుకుని ఊరేగతండాది!”

“నా పిట్టేందిరా? గొయ్యి తవ్వింది నువ్వు” అంది నాయనమ్మ. అంటూనే చెప్పులు కూడా వేసుకోకుండా నడిచింది. ఆమె వెనకాల మేమంతా పరుగెత్తాం. తల్లి రెక్కల సందులోంచి చారల తలలు మూడు పైకి లేచి మమ్మల్ని చూశాయి. బాబాయి వాటిని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాడు.

నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఎవరైనా ‘ఏం కాదులే’ అంటే నేను ఆ మనిషి చేతి వైపు చూస్తాను. చాలాసార్లు ఆ మాట అన్నది నేనే అయి ఉంటాను. ఆ రోజు బాబాయి గ్లాసులా ఆ చెయ్యి పెదవి దాకా వచ్చి ఆగిందంటే, ఇక వాదన మానేసి గడ్డపార వెతుక్కుంటాను.