మా వదిన కొలిచిన పుట్ట

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు నా పక్కన చేరి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. థాయిలాండ్‌లో ఎక్కడో పల్లెల పక్కనుంచి పారే పెద్ద నది అట, ఆ నది అడుగున ఒక మహాసర్పం కాపురముంటుందట, ఏడాదికొకసారి అది నీళ్లలోంచి ఎర్రటి నిప్పు ముద్దలను పైకి ఊదుతుందని నమ్మి జనం పిల్లాజెల్లాతో వచ్చి ఒడ్డున చాపలు పరుచుకొని కూర్చుంటారట. మనవరాలు నిప్పు ముద్దల కోసం చూస్తుంటే నేను ఆ జనంలో ఒకామెను చూస్తూ ఉండిపోయాను. నడివయసు మనిషి, రెండు చేతులు జోడించి, ఇంకా ఏమీ కనిపించని ఆ నీళ్లవైపు, సొంత మనిషి కోసం ఎదురుచూస్తున్నంత నమ్మకంగా చూస్తున్నది. మా అన్న భార్య, మా వదిన, పుట్ట ముందు అచ్చం అట్లాగే నిలబడేది.

నా ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, మన చిన్నతనంలో పొద్దుగూకితే పాము అనే మాట ఎవరి నోటా వచ్చేది కాదు, పురుగు అనేవాళ్లం. మెదక్ ఊరి చివర మాకున్న కొద్దిపాటి చెలకలో, గట్టు మీద, మనిషి ఎత్తు ఎర్రమట్టి పుట్ట ఒకటి ఉండేది. అందులో మా తాతల కాలం నాటి నాగన్న ఉన్నాడని మా అమ్మ చెప్పేది. వయసు మీరిన కొద్దీ ఆయన పొట్టివాడవుతాడనీ, మీసాలు మొలుస్తాయనీ, నెత్తి మీద మణి పెట్టుకొని తిరుగుతాడనీ, మా ఇంటి మనిషిని ముట్టడనీ ఆమె నమ్మకం. ఆయనను చూసినవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు, చూడలేదని అనుమానపడ్డవాళ్లూ లేరు. పొలంలో బోరు వేయడానికి రిగ్గు లారీ వచ్చినప్పుడు, పుట్ట పక్కనే నీళ్లు పడతాయని వాళ్లు ఎంత చెప్పినా మా అమ్మ ఒప్పుకోలేదు, బోరు ఎక్కడో మూలకు వేయించింది, అక్కడ నీళ్లు పడలేదు, ఆమె ఏమాత్రం చింతించలేదు.

సందుల్లో ఎస్టీడీ బూత్‌లు, మేడల మీద డిష్ గొడుగులు కొత్తగా మొలుస్తున్న రోజుల్లో రేగోడ్ వైపు నుంచి మా వదిన కోడలిగా వచ్చింది. అన్నకు సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, పేపర్ చదివే మనిషి, పుట్టలూ పూజలూ అంటే నవ్వేవాడు గానీ అమ్మకు ఎదురు చెప్పేవాడు కాదు. వదినకు మొదటి కాన్పు నిలవలేదు, రెండోదీ నిలవలేదు. ఆ రెండో దుఃఖంలో ఉండగా నాగుల పంచమి వచ్చింది, అమ్మ ఆమెకు తలస్నానం చేయించి తడిబట్టలతోనే పుట్ట దగ్గరికి తీసుకుపోయి, పాలు పోయించి, పుట్టమన్ను చెవులకు రాయించి, నీకు కావలసింది నువ్వే అడుక్కో బిడ్డా అన్నది. వదిన ఏమి అడిగిందో మాకు వినిపించలేదు. మరుసటి ఏడు ఆడపిల్ల పుట్టింది. పేరులో నాగన్న పేరు కలిపే పెట్టారు.

ఆనాటి నుంచి పుట్ట వదినకు పుట్టినిల్లయిపోయింది. అమ్మ పోయాక కూడా ఆమె వెళ్లకుండా ఉన్న వారం లేదు. కొత్తగా కొన్న కలర్ టీవీలో ఏ సినిమాలోనో పడగ విప్పిన పాము కనిపిస్తే వంటింట్లోంచి వచ్చి దండం పెట్టేది, మేమంతా నవ్వితే తనూ నవ్వేది, చేతులు మాత్రం దించేది కాదు. మా మేనకోడలికి నడక వచ్చిన నాటి నుంచి తల్లి వెంట గట్ల మీద తిరగడమే పని, చెప్పులు కూడా వేసుకునేది కాదు, ఎవరైనా మందలిస్తే మా నాగన్న ఉన్నడు గదా అనేది.

ఆ పిల్ల గొంతు మంచిది. ఇంటర్ చదివే వేళకు తెలంగాణ కోసం ఊరంతా రోడ్డు మీద ఉన్నది, ఊరేగింపుల్లో పాట అందుకునేది తనే. సర్కారు ఉద్యోగులు పని మానేసి శిబిరాల్లో కూర్చున్న ఆ ఏడు బతుకమ్మ పండుగ కూడా పోరాటంలో కలిసిపోయింది. బస్సులు నడవడం లేదు, ఆడవాళ్లు నడిరోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడేవారు, అన్న పొద్దున్నే శిబిరానికి పోయేవాడు. అట్లాంటి ఒక ఉదయం మా మేనకోడలు ఎత్తయిన బతుకమ్మ పేర్చాలని గునుగు పూలకు చెలకలోకి పోయింది. చున్నీ నిండా పూలు కోసుకొని నడిచే ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చొని, ఏమాత్రం బెదురు లేకుండా తల్లితో అన్నదట, "అమ్మా, గట్టు కాడ పురుగు ముట్టింది. నాగన్నే కావచ్చు, జర నొప్పి లేస్తున్నది."

వదిన భయపడలేదు. బిడ్డ కాలు కడిగి, పుట్టమన్ను పెట్టి, దీపం వెలిగించి, ఒడిలో తల పెట్టుకొని కూర్చున్నది. మనవాడు మనలను ఏమీ చేయడని ఆమెకు అంత నిశ్చయం.

అదే ఊళ్లో రెండు వీధుల అవతల ఉన్న మెట్టినింటి నుంచి, బతుకమ్మ కలిసి పేర్చుకుందామని నేను తాంబాళం పట్టుకొని వెళ్లేసరికి పిల్ల కనురెప్పలు వాలిపోతున్నాయి. నన్ను గుర్తుపట్టి, "అత్తా, అన్నీ రెండు రెండు కనవడ్తున్నయే" అన్నది. మాట ముద్ద ముద్దగా వచ్చింది. అప్పుడు వదిన ముఖంలో మొదటిసారి భయం చూశాను. ఆటో దొరికింది గానీ తెలంగాణ కోసం నిరసనగా నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు పెట్టి జనం వంటలు చేస్తున్నారు. విషయం తెలిసి వాళ్లు పాటలు ఆపి, మండుతున్న పొయ్యిలను కాళ్లతో తోసేసి దారి ఇచ్చారు. దవాఖానలో సూదులు వేశారు, ఊపిరికి గొట్టం పెట్టారు, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా అంబులెన్స్ ఎక్కించి హైదరాబాద్‌కు పంపారు. నర్సాపూర్ అడవి దాటకముందే ప్రాణం పోయింది. ఎక్కించే ముందు డాక్టర్ నెమ్మదిగా, "ముట్టంగనే తెస్తే బాగుండేదమ్మా" అన్నాడు. ఆయన నిష్ఠూరంగా అనలేదు. వదిన విన్నది.

దినాలు కాకముందే ఒక పొద్దున అన్న గడ్డపార, కిరోసిన్ డబ్బా పట్టుకొని చెలకకు పోయాడు. ఏమవుతుందోనని నేను వెనక పరుగెత్తాను. వదిన మాకంటే ముందే వెళ్లి పుట్టకు వీపు ఆనించి కూర్చొని ఉన్నది.

"లే పక్కకు. ఇయ్యాల దీన్ని లేకుండ చేస్త" అన్నాడు అన్న.

"తవ్వకుండ్రి" అన్నది వదిన. "నా బిడ్డను ఈడనే అడుక్కున్న. ఇది గూడ లేకపోతే ఎందుకు తీస్కపోయినవని నేను యాడికొచ్చి అడగాలె?"

అన్న గడ్డపార ఎత్తిన వాడు ఎత్తినట్టే నిలబడి, తర్వాత దాన్ని దుక్కిలో పడేసి, మట్టిలోనే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. బిడ్డ పోయాక అతను ఏడవడం అదే మొదలు. వదిన లేచి అతని పక్కన కూర్చోవాలని ఒక అడుగు వేసింది, మళ్లీ ఆగిపోయింది. తనకు ఆ హక్కు లేదని అనుకున్నట్టున్నది. ఆ తర్వాత కూడా వాళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకరికొకరు అన్నం వడ్డించుకున్నారు, పురుగు ముట్టిన ఆ ఉదయం సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. అతను ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండునని ఆమె ఎదురుచూసిందేమో, తిడితే ఆమె తట్టుకోలేదని అతను ఆగిపోయాడేమో, నాకు తెలియదు.

కొన్నాళ్లు వదిన పాలు లేకుండా, పసుపు లేకుండా, వట్టి చేతులతో పోయి పుట్ట ముందు నిలబడి వచ్చేది. తర్వాత అదీ మానుకున్నది. ఒకనాడు చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉండగా, కోపం పోయిందా వదినా అని అడిగాను. ఆమె చేతిలో పని ఆపకుండానే, "కోపం ఎవ్వల మీద పిల్లా? అది పురుగు. దేవుడని నేనే అనుకున్న. నేను దానికి ఏమైతనో అది ఎన్నడన్న చెప్పిందా?" అన్నది.

తెలంగాణ వచ్చిన రోజు వీధి వీధినా పటాకులు కాల్చారు. సమ్మెలో కూర్చున్నవాడని అన్న మెడలో దండ వేస్తే, ఆ దండ తీసి సంచిలో పెట్టుకొని పెందలాడే ఇంటికి వచ్చాడు. అందరూ వచ్చింది, వచ్చింది అని కేకలు వేస్తుంటే మా ఇంట్లో ఆ మాట ఎవరి నోటా రాలేదు. కొన్నేళ్లకు ఊరు మా చెలక దాకా పెరిగింది, చుట్టూ ప్లాట్లు పడ్డాయి, అన్న అడిగితే వదిన అమ్మెయ్యమన్నది. జేసీబీ వచ్చిననాడు నన్ను తోడు రమ్మని అక్కడికి వెళ్లింది. ఒక్క పోటుకు పుట్ట కూలిపోయింది. ఎర్రమట్టి, చెదలు, ఇంకేమీ లేదు. ఆమె చాలాసేపు ఆ మట్టిలోకి చూసి, కొంగు తలమీదికి లాక్కొని, పోదాం పా అన్నది.

ఇప్పుడు పాము కనబడితే ఫోన్ చేస్తే చాలు, పట్టే మనిషి వచ్చి సంచిలో వేసుకొని పోతాడు. ముట్టిందంటే దీపం వెలిగించి కూర్చునేవాళ్లు లేరు, నిమిషం ఆగకుండా దవాఖానకు పరుగెత్తుతారు. ఈ తెలివి మా ఇంటికి కాస్త ముందు రాకపోయిందే అని నేను ఏడవని పండుగ లేదు. ఆ నమ్మకం పోయినందుకు నాకు విచారం లేదు. దాని వెంట మా వదినలో ఇంకేదో కూడా పోయింది. ఆమె ఇప్పుడు ఎవరి మీదా, దేని మీదా అంత భరోసా పెట్టదు, గుడికి పోయినా చేతులు జోడించి ఊరికే నిలబడి వస్తుంది, ఏమీ అడగదు.

పోయిన ఏడు ఆ ప్లాటులో ఇల్లు కట్టుకున్నవాళ్లు గృహప్రవేశానికి పిలిస్తే, పోదని అనుకున్నాం, పోయింది. భోజనం చేసి, బొట్టు పెట్టించుకొని వచ్చింది. ఎట్లున్నది ఇల్లు అని అడిగితే, ఇంటి సంగతి ఏమీ చెప్పలేదు. "వాళ్లకొక పిల్ల ఉన్నది" అన్నది. "చెప్పులేసుకొని తిరుగుతున్నది ఇంట్ల గూడ. మంచిగున్నది."