మా అత్తమ్మ రైలు చెరువు

మొన్న మనుమరాల్ని తోలుకొని సిరిసిల్లల బిడ్డ ఇంటికి బస్సుల పోతుంటే, తొవ్వల కొత్త రైలు లైనుకు కట్ట పోస్తున్నరు. టిప్పర్లు కుమ్మరించుడు, జేసీబీలు సదును చేసుడే తప్ప తట్ట పట్టిన మనిషి ఒక్కలు లేరు. అమ్మమ్మా, గిక్కడ చెరువు కడుతున్నరా అని పిల్ల అడిగితే నాకు నవ్వాగలే, బస్సంత నా దిక్కే చూసింది. అచ్చం మా అత్తమ్మ మాటే అన్నది మరి.

జగిత్యాలకు కోరుట్లకు నడుమ మా ఊరి పొంటి రైలు కట్ట పోసేటప్పుడు నేను కొత్త కోడల్ని. గుంట భూమి లేనోళ్లం, అత్తాకోడళ్లం ఇద్దరం మట్టి మోసే కూలికి పోయినం. దేశాన్ని రైలే కలిపిందని చదువుకున్నోళ్లు చెప్తుండె గని, బొంబాయి పోవాలన్నా బస్సే గతైన మాకు కట్ట అంటే చెరువు కట్టనే. ఇగ చెరువు నిండుతది, ఏడాది పొడుగునా నాట్లకు కూలి దొరుకుతదని అత్తమ్మ మురిసేది. కాదత్తమ్మా, రైలు కోసమట అంటే, నీకేం ఎర్క, ఊకో అని కసురుకునేది.

ఆ వానకాలం మట్టి తవ్విన గుంతలు నిండినయి. ఇగ ఆమెను పట్టతరమా? సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టు ఆడోళ్లందరిని ఎంటేసుకొని పోయి, కట్ట మీద ఆడిపించి, ఆ నీళ్లల్లనే బతుకమ్మలను ఏపిచ్చింది. తర్వాత పని ఆగి, ఏండ్లకేండ్లు కట్ట మీద తుమ్మలు మొలిచినయి. చెరువు కాదని ఆమెకూ తెలిసింది గని, ఓడిపోయిన అంటే మా అత్తమ్మ ఎట్లయితది? నేను పోసిన కట్ట మీద రైలెక్కినంకనే కన్ను మూస్త అని కొత్త పట్టు పట్టింది. నీ రైలు ఎందాక అచ్చిందే అని ఎవరన్న ఎక్కిరిస్తే, నువ్వైతే టికెటు తీసుకొని కూసో అనేది. ఆమె మోకాళ్లు పడిపోతుంటే, ఆశ తీరకుండనే పోతదేమోనని నాకు మాత్రం ఒకటే గుబులు.

ఆఖరికి రైలు అచ్చింది. కట్ట మీద చెప్పులతోని పోతరా అనుకుంట, చెప్పులు చేతవట్టుకొని జగిత్యాలల ఎక్కింది. మా గుంతల కాడికి రాంగనే కిటికీలకెల్లి తొంగి చూసి, రైలు డబ్బల ఉన్నోళ్లంత ఇనేటట్టు, "చూసినవా, మన మట్టి కదల్లే" అన్నది. నేను నవ్వుకుంటనే ఏడ్చిన. కోరుట్ల దాక ఆ ముసలిదాని మొఖం చూసుకుంటనే కూసున్న.

అత్తమ్మ పోయింది గని, మా ఊరి బతుకమ్మలు ఇప్పటికీ ఆ గుంతలల్లనే ఏస్తరు. రైలు చెరువు అంటరు దాన్ని, ఆ పేరెట్లచ్చిందో కొత్త కోడండ్లకు తెల్వది. సిరిసిల్లకు రైలు జల్ది రావాలె, నేనూ ఎక్కుత. కాని ఆ కట్ట మీద పోయేటప్పుడు, ఇది మన మట్టి అని కిటికీలకెల్లి తొంగి చూసేటోళ్లు ఎవరుంటరు?